సగం ఊపిరి

ఆండాలు పాతచీర చింపి చేసుకున్న పట్టీ కొసను తలుపు గొలుసుకు ముడివేసి, రెండో కొసను కుడి రొమ్ము కింద అదిమిపట్టి, నిలుచున్న చోటే మెల్లగా తిరుగుతోంది. తిరిగినకొద్దీ పట్టీ పక్కటెముకల మీద బిగుసుకుంటోంది. బిగువు చాలలేదనిపిస్తే ఒక అడుగు వెనక్కి వేసి ఒళ్ళు వాల్చి లాగుతుంది. గొలుసు కిర్రుమంటుంది. చుట్లన్నీ అయ్యేసరికి ఆమె తలుపుకు ఆనుకుని ఉంటుంది. అప్పుడు ముడి విప్పి, కొస లోపలికి దోపి, పైన రవిక తొడుక్కుంటుంది. రవిక తొడుక్కోవడం కూడా ఒక పనే. ముందు కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని, ఎవరో పసిపిల్ల చేతిని దూర్చినట్టు దూర్చుకోవాలి.

ఇంట్లో ఇంకొకరు లేరు కాబట్టి ఎవరి సాయమూ అక్కర్లేకుండా కట్టు కట్టుకోవడానికి ఆమె పట్టుకున్న ఉపాయం అది. పదేళ్లుగా ఏ పొద్దూ తప్పలేదు.

జుట్టు దువ్వుకోవడానికి ఆమె చెయ్యి ఎత్తదు, తల వంచుతుంది. ఒళ్ళోకి వంగినంతగా వంగి, తలను చేతి దగ్గరకు తెచ్చి, దువ్వెన లాగి, అట్లా వంగే కొప్పు ముడేసుకుంటుంది. లేచి నిలబడేసరికి కళ్ళ ముందు కాసేపు చీకట్లు కమ్ముతాయి. గోడ పట్టుకుని, అవి పోయేదాకా ఆగి, ఇంటికి తాళం పెట్టి బయలుదేరింది.

ఛత్రినాక సందులోంచి గౌలిపుర వైపు దిగుతుంటే అప్పుడే బర్రెలు ఎదురొచ్చాయి. పాలు పిండడం అయిపోయి మేతకు పోతున్న బర్రెలు. వాటికి దారిచ్చి ఆండాలు గోడకు ఆనుకుని నిలబడింది. ఎండాకాలం మొదట్లోనే గోడ రాళ్ళు వేడెక్కుతున్నాయి. ఇంగ్లీషువాళ్ళ సీమలో యుద్ధం మొదలయ్యాక ఇది రెండో ఎండాకాలం. యుద్ధమంటే ఆండాలుకు తెలిసిందల్లా కిరసనాయిలు సరిగా దొరక్కపోవడమే.

సందు మలుపులో రుక్మాబాయి అరుగు మీద కూర్చుని ఉంది. ఆండాలు కంటే పదేళ్లు పెద్దది, పొడుగు మనిషి, పెద్ద పెద్ద చేతులు. ఒకప్పుడు నిలబడే ఉండేది. ఈ మధ్య కూర్చుని ఎదురు చూస్తోంది.

"వస్తివా" అంది రుక్మాబాయి, అరుగు మీద చెయ్యి ఊని లేస్తూ.

"వచ్చినక్కా."

అంతకు మించి పొద్దున్నే వాళ్ళకు మాటలుండవు. ఇద్దరూ పక్కపక్కన నడిచారు. రుక్మాబాయి కాళ్ళ కడియాలు చర్మంలోకి దిగబడి కనిపించాయి. నిలబడే పని చేసేవాళ్ళకు కాళ్ళు వాయడం మామూలే అనుకుని ఆండాలు చూపు తిప్పుకుంది.

రామలింగయ్య గారి పసుపు, కారం దుకాణం వెనక రేకుల సాయబాను ఉంది. మూడు వైపుల గోడలు, నాలుగో వైపు పెరడు. మధ్యలో నేలలోకి పాతిన రాతి రోలు. దంచీ దంచీ దాని నోరు ఒక పక్కకు అరిగి, పెదవి వేలాడిన ముసలి నోరులా ఉంటుంది. గోడకు ఆనించి, కొసకు ఇనుప పొన్ను వేసిన రెండు రోకళ్లు. ఈ రోలు దగ్గరికి ఆండాలు పెళ్ళికి ముందు తల్లి వెంట వచ్చింది. తల్లి పోయాక తల్లి చోట నిలబడింది. అప్పటినుంచీ ఎదురుగా రుక్మాబాయే.

ఒకే రోట్లో రెండు రోకళ్లు పడాలంటే చేతులు కలిస్తే చాలదు, ఊపిరి కలవాలి. ఒకరు ఊపిరి పీల్చుకుంటూ రోకలి ఎత్తుతున్నప్పుడు ఎదుటివారు 'హుం' అని విడుస్తూ దించుతారు. ఒకరి గుండె నిండుతుంటే ఒకరిది ఖాళీ అవుతుంది. ఆ లెక్క ఎక్కడ తప్పినా రోకళ్లు గుద్దుకుని మణికట్టు నుంచి మెడ దాకా జివ్వుమంటుంది. ఇద్దరికీ ఆ లెక్క ఒంట్లో ఇంకిపోయింది. ఏమీ ఆలోచించకుండానే దంచగలరు. దంచుతూ ఆండాలు రాత్రి వండాల్సిన కూర గురించో, కారుతున్న పెంకుల గురించో ఆలోచించుకునేది.

ఆ పొద్దు పసుపు. ఎండిన పసుపు కొమ్ములు రాళ్లలా ఉంటాయి. మొదటి దెబ్బలకు ఎగిరి రోలు బయట పడతాయి. వాటిని నలగ్గొట్టాలంటే రోకలి తల దాటి లేవాలి. ఆండాలు రోకలి చెవి దాకా లేచి ఆగిపోయేది. అక్కడ భుజం లోపల ఏదో అడ్డుపడేది. ఇంకొంచెం ఎత్తాలని చూస్తే భుజమే చెవికి తగిలేది, మెడ నరాలు తాళ్ళలా ఉబికేవి. అందుకని నడుం విసిరి, మోకాళ్ళు వంచి, రోకలి బరువును కిందికి నెట్టడం నేర్చుకుంది. ఊపిరి కూడా అంతే. పైపైన, గొంతు కింద ఒక పిడికెడు తీసుకుని, పిడికెడు విడిచేది. పొద్దు ఎక్కేసరికి ఆమె నడుం, మెడ, దవడలు నొప్పి పుట్టేవి. చెయ్యి మాత్రం మొద్దుబారి ఉండేది.

భుజానికి చెయ్యని వైద్యం లేదు. వేడి ఇటుక కాపడం, ఆముదం, నువ్వుల నూనె, ఏదో ఆకు పసరు. ఎన్ని రుద్దినా భుజం మెత్తబడిందే కానీ లేవలేదు.

సాయబాను గుమ్మంలోకి రామలింగయ్య గారి భార్య నాగమణమ్మ వచ్చింది. చాటలోంచి చిటికెడు పొడి తీసి వేళ్ళ మధ్య రాసి చూసింది.

"ఏంది ఆండాలూ ఇది? రవ్వ రవ్వగ తగులుతున్నది."

ఆండాలు రోకలి దించి నిలబడింది. ఎగపోస్తున్న ఊపిరి మధ్య మాట రాలేదు.

"మల్ల దంచుతమమ్మా" అంది రుక్మాబాయి.

"మల్ల మల్ల దంచుకుంట కూసుంటె ఎండకాలం ఎల్లిపోతది. సరుకంత ముంగట వడ్డది." నాగమణమ్మ గొంతులో కోపం లేదు. అందుకే ఆండాలుకు ఎక్కువ భయం వేసింది. "నేననుడు కాదు గని, మా ఆయన అంటున్నడు. మాదన్నపేట నుంచి ఇంకో జత వస్తమంటున్నరట. వయసు పిల్లలట. ఇయ్యాల కారం దంచినంక చూస్త అన్నడు."

ఇద్దరికీ చెరో లోటా మజ్జిగ పోసి ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

రోటి పని జతకే ఇస్తారు. ఒకరి చెయ్యి పడిపోతే ఇద్దరూ ఇంటికి పోవాల్సిందే. ఆండాలు మజ్జిగ లోటా పట్టుకుని రుక్మాబాయి ముఖం వంక చూడలేకపోయింది.

"అక్కా, నా పాపాన నువ్వు గూడ..."

"తాగు ముందు" అంది రుక్మాబాయి. తాను తాగి, కొంగుతో మూతి తుడుచుకుని అంది: "పగటాల తాలీం కాడికి పోదం. మొగులయ్య వస్తాదుకు చూపిద్దం."

"ఆయన పహిల్వాన్లకు చూస్తడు. ఆడోళ్లకు చూస్తడా?"

"చెయ్యి చెయ్యే గదనే. ఆడదేంది, మగదేంది."

మొగులయ్య వస్తాదు కుస్తీలు నేర్పే తాలీం గౌలిపుర సందులోనే, దుకాణానికి రెండు మలుపుల అవతల. ఒకప్పుడు కుస్తీలకు పేరుపడ్డ మనిషి. ఇప్పుడు డెబ్బై దాటి, చెవులు ముద్దకట్టి, మెడ భుజాల్లో కూరుకుపోయి, తాలీం బయట నీడలో గోనె పరచుకుని కూర్చుంటాడు. ఎవరి చెయ్యి తొలిగినా, ఎవరి నడుం పట్టినా సరిచేసి పంపిస్తాడు. ఆండాలు తలుపు పక్కనే ఆగిపోయింది. రుక్మాబాయి ముందుకు తోసింది.

"వస్తాదూ, మా చెల్లె. జబ్బ పట్టేసింది. చెయ్యి లేస్తలేదు."

"ఎన్నొద్దుల సంది?"

"మస్తు దినాలైంది బాపూ" అంది ఆండాలు.

ముసలాయన ఆమె మణికట్టు, మోచెయ్యి మాత్రం పట్టుకుని, "బరువంత నా మీద ఇడిసెయ్యి" అన్నాడు. చేతిని ఇటూ అటూ తిప్పాడు. ముందుకు తెచ్చాడు, వెనక్కి తీసుకుపోయాడు. మెల్లగా పైకి ఎత్తబోతే చెవి దగ్గర ఆగింది. ఆయన బలవంతం చేయలేదు.

"కీలు మంచిగనే ఉన్నది. ఊపిరి తీస్కో."

ఆండాలు తీసుకుంది.

"మల్ల తియ్యి. పెద్దగ."

మళ్ళీ తీసుకుంది. ఆయన కళ్ళు చిట్లించి ఆమె భుజాలను చూశాడు. రెండూ చెవుల వైపు లేచి దిగాయి.

"భుజాలతోని ఊపిరి తీస్తున్నవు బిడ్డా" అన్నాడు. తర్వాత రుక్మాబాయి వైపు తిరిగి, "నేను ముట్టను. నువ్వు చూసి చెప్పు. దాని ఎనుక కూసొని, కుడి రెక్క కింద, పక్కల మీద అరచెయ్యి పెట్టు. ఊపిరి తీసినప్పుడు నీ చెయ్యి కదులుతదేమో చూడు" అన్నాడు.

రుక్మాబాయి పెద్ద అరచెయ్యి ఆండాలు వీపు మీద ఆనింది. ఆండాలు ఊపిరి తీసింది.

"కదుల్తలేదు వస్తాదూ. బండ మీద పెట్టినట్టున్నది." అంటూనే ఆమె వేళ్ళు రవిక కింద ఎత్తుగా తగిలిన దాన్ని తడిమాయి. "గిదేందే?"

ఆండాలు తల వంచుకుంది.

"గిదేందని అడుగుతున్న."

"కట్టు. నెమ్ము వచ్చినప్పుడు కట్టిన."

"గప్పటి సందా?" రుక్మాబాయి గొంతు లేచింది. "నీ మొగడు పోయినప్పటి సందా? రోజు ఎదురుంగ నిలవడ్డ గద, నాకొక్క మాట చెప్పవైతివి?"

"చెప్పేతందుకు ఏమున్నదక్కా."

ఏమీ లేదనే ఆమె ఇన్నాళ్ళూ అనుకుంది. పదేళ్ల కిందట ఇంటింటా నెమ్ము జ్వరం వచ్చినప్పుడు ఆమే, జట్కా తోలే ఆమె మొగుడు వైకుంఠమూ ఒకే చాప మీద పడ్డారు. దగ్గినప్పుడల్లా కుడి పక్కలో కత్తి దిగినట్టుండేది. పక్కింటి ముసలమ్మ ఎవరో గుడ్డ తెచ్చి పక్కటెముకలు బిగించి కట్టింది. కట్టాక కొంచెం నయమనిపించింది. మూడో నాటికో నాలుగో నాటికో వైకుంఠం దగ్గు ఆగిపోయింది. అందరూ వచ్చి ఏడ్చారు. ఆండాలు ఏడవలేదు. ఒక్క ఎక్కిలి వచ్చేసరికి పక్క చీలిపోయినట్టై, పట్టీ ఇంకా బిగించుకుని, పళ్ళు కరుచుకుని, ఊపిరి పైపైన పట్టుకుని కూర్చుంది. గుండె రాయి అన్నారు కొందరు. ఆమె విన్నది. జవాబు చెప్పాలన్నా గాలి కావాలి కదా. నెల తిరిగేసరికి నొప్పి పోయింది. కట్టు మాత్రం పోలేదు. విప్పిన నాడు ఆ పక్క అంతా జారి కిందపడిపోతుందేమోనన్న భయం పట్టుకుంది. పొద్దున్నే బిగించుకుంటేనే మనిషి నిలబడినట్టుండేది.

 వస్తాదు తన భుజం తానే తడుముకుంటూ, నేలను చూస్తూ చెప్పాడు.

"వీపు మీది రెక్క ఎముక దేనికి అతికి ఉండదు బిడ్డా. పక్కటెముకల మీద జారుతది, తడి రాయి మీద సబ్బు బిళ్ళ జారినట్టు. ఊపిరికి పక్కలు తెర్సుకుంటెనే అది జారుతది. అది జారితెనే చెయ్యి మీదికి పోతది. నువ్వు పక్కలు కట్టేస్తివి. కిందిది కదలకుంటె మీదిది ఏడికి పోతది? ఇగ మెడ, భుజాలేమో ఊపిరి గుంజుతందుకే సరిపాయె. చెయ్యి లేపుతందుకు బలమేడ మిగిలింది? నూనె పోసి భుజాన్ని రుద్దితె ఏం ఫాయిదా. దాని తప్పేం లేదు."

తాలీం పక్కన నీళ్ళ గది ఉంది. రుక్మాబాయి ఆమెను అక్కడికి తీసుకుపోయి తలుపు దగ్గరికి వేసి కట్టు విప్పింది. లోపలి చుట్లు చెమటకు తడిసి అంటుకుపోయి ఉన్నాయి. కింద చర్మం గీతలు గీతలుగా, నీళ్ళలో నానిన చేతిలా తెల్లగా ముడుతలు పడి ఉంది. రుక్మాబాయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. విప్పిన పట్టీని చుట్టలా చుట్టి, వెనక కిటికీలోంచి బూడిద కుప్పలోకి విసిరేసింది.

గోడ అవతల నుంచి వస్తాదు చెబుతున్నాడు. ఎడమ పక్కకు పడుకోవాలి. కుడి చెయ్యి తల మీదుగా రుక్మాబాయి మోకాలి మీద ఆనాలి. రుక్మాబాయి చెయ్యి పక్కటెముకల మీద ఉండాలి.

"ముందు ఇడువు. నోట్లెకెల్లి, పొడుగ్గ, మొత్తం ఖాళీ అయ్యేదాక. ఇడిస్తెనే కొత్తది వస్తది. ఇగ ముక్కుతోని మెల్లగ తీస్కో. జోరుగ వద్దు. మల్లెపూల వాసన చూసినట్టు. ఊపిరి గొంతుకు కాదు, రుక్మాబాయి చెయ్యికి పంపియ్యి."

"నా చెయ్యిని నూకు" అంది రుక్మాబాయి.

ఆండాలు ప్రయత్నించింది. ఏమీ జరగలేదు. మళ్ళీ ప్రయత్నించింది. పాత నొప్పి లేచి వస్తుందని ఒళ్ళంతా బిగుసుకుంది. రుక్మాబాయి చెయ్యి వెచ్చగా, బరువుగా, తొందర లేకుండా అక్కడే ఉంది. విడవడం, తీసుకోవడం. విడవడం, తీసుకోవడం. బయట ఎవరో చెరుకు బండి తోలుకుంటూ అరుస్తూ పోయారు. ఎప్పుడో తెలియకుండా, మూసిన గొడుగును ఎవరో లోపలినుంచి నెట్టినట్టు, ఆ పక్క ఇంత తెరుచుకుంది. నొప్పి వచ్చింది, కానీ కత్తిలా కాదు. చాలాసేపు ముడుచుకు కూర్చుని కాళ్ళు చాపినప్పుడు వచ్చే నొప్పిలా వచ్చింది.

"కదిలింది! వస్తాదూ, కదిలిందయ్యా!" రుక్మాబాయి నవ్వింది. ఆ నవ్వు మధ్యలో దగ్గు వచ్చి కాసేపు ఆగలేదు.

"ఒక్కనాడు అయ్యేది కాదు. పొద్దుగాల, మాపటికి గిట్లనే చెయ్యాలె" అన్నాడు ముసలాయన.

మధ్యాహ్నం కారం. మిరపకాయలు రోట్లో పోసే ముందు ఇద్దరూ ముక్కుకూ నోటికీ గుడ్డలు కట్టుకున్నారు. రుక్మాబాయిది నీలం గళ్ళ తువ్వాలు ముక్క. దాని పైన ఆమె కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి.

కట్టు లేని ఒళ్ళు ఆండాలుకు బట్ట కట్టని ఒళ్ళులా తోచింది. మొదటి దెబ్బలు తడబడ్డాయి. రోకలి ఎత్తుతూ వస్తాదు మాట తలుచుకుని ఊపిరిని పక్కలోకి పంపింది. రోకలి చెవి దగ్గరికి వచ్చింది. ఎప్పటిలా ఆగుతుందనుకుంది. ఆగలేదు. నొప్పిగానే, కిర్రుమంటూనే, చెవి దాటింది. దించుతూ 'హుం' అన్నప్పుడు ఆ శబ్దం తనదేనా అని ఉలిక్కిపడింది. అది గొంతులోంచి రాలేదు, కడుపులోంచి వచ్చింది. రోలు కూడా వేరుగా పలికింది. పొద్దుటి టకటకలు పోయి ఒక లోతైన ధనధన సాయబాను రేకుల్ని అదిరించింది.

నాగమణమ్మ ఆ చప్పుడుకు గుమ్మంలోకి వచ్చింది. కారం ఘాటుకు కొంగు అడ్డం పెట్టుకుని, చాటలో పొడిని చూసింది. మైదాలా ఉంది.

"ఆఁ, గట్ల!" అంది. "నేను మా ఆయనకు చెప్త తియ్. మాదన్నపేటోళ్లు వద్దంట."

ఆండాలు గుడ్డ చాటున నవ్వుకుంది. చెమట కళ్ళలోకి కారుతోంది. ఇంకా ఎత్తాలనిపించింది. ఇంకో దెబ్బ. ఇంకో దెబ్బ. అప్పుడు తెలిసింది, ఒక చప్పుడు వినిపించడం లేదని. ఎదుటివైపు నుంచి రావలసిన 'హుం' రావడం లేదు. రోకలి పడుతోంది, ఊపిరి పడడం లేదు.

ఆండాలు ఆగింది. "అక్కా?"

"దంచు."

"ఏమైందక్కా?"

రుక్మాబాయి రోకలిని నేలకు ఊని దాని మీద రెండు చేతులూ పెట్టి నిలబడింది. భుజాలు చెవుల దాకా లేస్తున్నాయి, దిగుతున్నాయి. ఇందాక వస్తాదు తనలో ఏం చూశాడో ఆండాలుకు ఇప్పుడు కనిపించింది.

"ఏం గాలె. నీ ఊపిరి పెద్దగైంది. నాకు అందుతలేదు, గంతే." గుడ్డ వెనక నవ్వుతున్నట్టుగానే ఉంది గొంతు. "ఇన్నేండ్లు నీతోని పొట్టి ఊపిరి తీసి తీసి పొడుగుది మర్సిపొయిన."

ఆండాలు చేతిలో రోకలి బరువెక్కింది. జ్వరం తగ్గి మొదటిసారి రోటి దగ్గరికి వచ్చిన రోజు గుర్తొచ్చింది. తన రోకలి చెవి దాటలేదు, దెబ్బ పొట్టిదైంది. అయినా రోకళ్లు ఒక్కసారి కూడా గుద్దుకోలేదు. తన ఒడుపే అనుకుంది. అంతకు ముందు రుక్మాబాయి దంచుతూ పాడేది. పొడుగాటి పాటలు, ఎత్తినప్పుడు మొదలై దించినప్పుడు ముగిసే చరణాలు. తర్వాత పాడడం మానేసింది. వయసు మీద పడిందనుకుంది ఆండాలు.

"నువ్వు పాట బంద్ చేసింది గందుకేనా?"

"పాటకు లావు గాలి కావాలె. నేను పాడుకుంట పోతె నీకు అందకపాయె. ఎందుకా లొల్లి అని..." రుక్మాబాయి మాట ముగించలేదు. "దంచు, దంచు. పొద్దు గూకుతున్నది."

ఆండాలు మళ్ళీ ఎత్తింది. ఈసారి పైన ఆగింది. రోకలిని తల దగ్గర నిలబెట్టి, ఎదుటి ఊపిరి వచ్చేదాకా విన్నది. వచ్చాకే దించింది. రుక్మాబాయి ఎత్తేటప్పుడు తొందరపెట్టలేదు. ఆ ఊపిరి ఎక్కడ తెగితే అక్కడ తనదీ ఆపింది, ఎక్కడ అందుకుంటే అక్కడ తానూ అందుకుంది. అంత మెల్లగా వాళ్ళు ఎన్నడూ దంచలేదు. అట్లా దంచుతూ ఉండగా రుక్మాబాయి గుడ్డ లోపల ఏదో కూనిరాగం తీసింది. మాటలు లేవు. రెండు మూడు దెబ్బలదాకా సాగి ఆగిపోయింది. చివరి మిరపకాయలు పొడి అయ్యేసరికి పెరట్లో నీడలు గోడ ఎక్కాయి.

"నేను జర కూసుంట. నువ్వు జల్లెడ పట్టు" అంది రుక్మాబాయి. ముఖానికి కట్టిన గుడ్డ విప్పి సాయబాను గుంజకున్న మేకుకు తగిలించింది. గుంజకు వీపు ఆనించి, కాళ్ళు చాపి కూర్చుంది.

కారం ఎగిరి ఆమె మీద పడకుండా ఆండాలు అటు తిరిగి, గాలివాటు చూసుకుని జల్లెడ పట్టసాగింది.

"అక్కా, రేపు పగటాల మల్ల పోదం. ఈసారి నువ్వు పండుకో, నేను చెయ్యి పెడత. నీ పక్కలు ఎట్లున్నయో నేను చూస్త."

"ఊఁ" అంది రుక్మాబాయి.

"నీ కొడుక్కు చెప్పి కాళ్ళ వాపుకు గూడ ఏమన్న మందు తెప్పియ్యి. పొద్దుగాల చూసిన. అడుగుదామనుకున్న. అడగకపోతి."

"ఊఁ."

"పాడుకుంట దంచుదమక్కా ఇగనుంచి. నాకు గాలి చాలుతది. నువ్వు మొదలువెట్టు, నేను అందుకుంట."

జల్లెడ చప్పుడు సాగుతూనే ఉంది. ఎర్రటి పొడి చాటలో కుప్పగా రాలింది. మిగిలిన గింజల్ని ఒక పక్కకు పోసి, చేతులు దులుపుకుని ఆండాలు వెనక్కి తిరిగింది.

రుక్మాబాయి తల ఒక భుజం మీదికి ఒరిగి ఉంది. ఎండ దిగిపోతున్న పెరటి వైపు ముఖం. నిద్రపోయిందనుకుంది. దగ్గరికి వెళ్ళి పక్కన కూర్చుంది. లేపబుద్ధి కాలేదు. ఏమనుకుందో, ఆమె వీపు వెనకకు చెయ్యి పోనిచ్చి, రెక్క కింద అరచెయ్యి ఆనించి, ఎదురుచూసింది. ఒళ్ళు ఇంకా వెచ్చగా, చెమటతో తడిగా ఉంది. చాలాసేపు ఎదురుచూసింది. తన ఊపిరి పట్టుకుని ఎదురుచూసింది.

చేతికి ఏమీ తగల్లేదు.

మొదట ఒక ఎక్కిలి వచ్చింది. తర్వాత దాన్ని పట్టి ఆపేది ఏదీ లేకపోయింది. పక్కలు రెండూ ఎగిసిపడ్డాయి, వీపు ఊగింది, భుజాలు ఊగాయి. ఆమె నోటినుంచి వచ్చిన శబ్దానికి దుకాణంలో తూకం వేస్తున్నవాళ్ళు ఆగిపోయారు. నాగమణమ్మ పరుగెత్తుకొచ్చి గుమ్మంలోనే నిలబడి, "అయ్యో, అయ్యో" అని నోరు నొక్కుకుంది. తర్వాత వచ్చి ఆండాలు పక్కన ఆ కారం నేల మీదే కూలబడింది.

కబురు పోయింది. రుక్మాబాయి కొడుకు ప్రహ్లాద్ పాల బిందెలు ఎక్కడివక్కడ వదిలేసి, మంచం ఎత్తుకుని, తనతో పాలు పోసే ఇద్దరు గౌలీలతో వచ్చాడు. తల్లి ముఖం చూసి ఆమె పాదాల దగ్గర కూర్చుని, వాచిన కాళ్ళు ఒళ్ళోకి తీసుకున్నాడు. "పొద్దుగాల వద్దన్న పిన్నీ" అన్నాడు ఆండాలుతో. "పోవద్దన్న. ఇయ్యాల కారమున్నది, ఆండాలు ఒక్కతైతది, అన్నది."

ఆండాలు లేచి మంచం పక్కన నిలబడింది.

మంచం మీద పడుకోబెట్టి ఎత్తారు. దుకాణం గుండా బయటికి పోయే దారి ఇరుకు, దాన్నిండా మిరప బస్తాలు. మంచాన్ని బస్తాల మీదుగా దాటించాలంటే తలల కన్నా పైకి ఎత్తక తప్పలేదు. ముగ్గురు మగవాళ్ళు మంచం మూడు కోళ్ళు ఎత్తారు. నాలుగో కోడు దగ్గర ఆండాలు ఉంది. రెండు చేతులూ చాచి, ముఖం పైకెత్తి, అది బస్తాలు దాటేదాకా మోసింది. నాగమణమ్మ చూసింది. ఆండాలు మాత్రం తన కుడి చెయ్యి ఎంత పైకి లేచిందో గమనించుకోలేదు.

బయట సందులో వేరేవాళ్ళు కోడు అందుకున్నారు. మంచం రుక్మాబాయి ఇంటి వైపు కదిలింది. మక్కా మసీదు నుంచి సాయంత్రపు అజాన్ వినిపిస్తోంది. ఆండాలు తన తాళంచెవి మూట కోసం ఒక్కసారి వెనక్కి వచ్చింది. సాయబానులో ఎవరూ లేరు. దంచిన కారం చాటలో కుప్పగా ఉంది. మూట చంకన పెట్టుకుని, గుంజ దగ్గర ఆగి, మేకు వైపు చెయ్యి చాచి, తాకకుండానే దించేసి వెళ్ళిపోయింది.

నీలం గళ్ళ తువ్వాలు ముక్క మేకుకు వేలాడుతోంది. అంచుల నిండా ఎర్రగా కారం అంటుకుని ఉంది, మధ్యలో నోరు ఆనిన చోట మాత్రం గుండ్రంగా, శుభ్రంగా, ఇంకా ఆరని ఊపిరి తడి.